పెద్దమనుషుల న్యాయం

అనంతపురంలో మహిళా క్రీడల గురించి ఇక ఎవరూ దిగులు పడక్కర్లేదు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు కూతవేటు దూరంలో ఉన్న ఉగ్గాని బండి దగ్గర, మొన్న పొద్దున ఆరున్నరకు, ఆ బాధ్యత తొమ్మిదిమంది మగవాళ్లు తీసుకున్నారు. తీసుకోమని వాళ్లను ఎవరూ అడగలేదు. అంత పెద్ద మనసు వాళ్లది.

జరిగిందేమంటే, ప్లాట్లు అమ్మే ఒకాయన ఫోనుకు వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఎక్కడో చలిదేశంలో కొండ మీద నుంచి గేర్ల సైకిళ్లు బండల మీద ఎగురుతూ దిగుతుంటాయి. చివర్లో పోడియం మీద ముగ్గురు ఆడవాళ్లు. నడిమి ఆవిడ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన మూడు ఏడుపు బొమ్మలు పెట్టి, "మగవాడిగా పుట్టి ఆడవాళ్ల మెడల్ కొట్టేశాడు, ఇది న్యాయమా? పదిమందికి పంపండి" అని రాశారు. పదిమందికి పంపడం ఆయనకు రోజూ ఉన్నదే. ఈసారి అంతటితో ఊరుకోలేదు. మిరపకాయ బజ్జీని మైకులాగా పట్టుకుని, "ఆడబిడ్డలకు ఇంత అన్యాయం జరుగుతాంటే మనం ఉగ్గాని తింటా కూర్చోవాల్నా?" అని నిలదీశాడు.

ఎవరూ తినడం ఆపలేదు గానీ, అందరూ బాధపడ్డారు.

మొదటి పది నిమిషాలు మౌంటెన్ బైక్ అంటే బుల్లెట్టు అనుకుని బాధపడ్డారు. ఆడవాళ్లకు అంత బరువు బండి ఎందుకిచ్చారని ఒకాయన, మైలేజీ ఎంతని ఇంకొకాయన. రిటైరైన హెడ్మాస్టరుగారు కలగజేసుకుని, ఇంగ్లీషులో సైకిలును కూడా బైకే అంటారని తీర్పు చెప్పారు.

"తొక్కేదేనా సార్?"

"తొక్కేదే."

"కొండ దిగేదానికి తొక్కేదేముంది? అదే దొర్లుకుంటా వస్తాది గదా?"

ఈ ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. బుక్కరాయసముద్రం కొండమీదరాయుని గుట్ట మీద నుంచి సైకిల్ మీద దిగమంటే వీళ్లలో ఒక్కడు కూడా మొదటి మలుపు దాటడు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా డౌన్‌హిల్ పందెంలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో తేల్చేశారు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య ఆఫీసు స్విట్జర్లాండులో ఎగ్ల్ అనే ఊళ్లో ఉందని హెడ్మాస్టరుగారు ఫోనులో వెతికి పట్టారు. తెల్లకాగితం తెప్పించారు. తొమ్మిది సంతకాలతో అర్జీ పోవాలన్నారు. నూనె చేతులతో పెట్టిన సంతకాలు కాబట్టి ఎవరూ ఫోర్జరీ చేయలేరు.

నేను చేసిన పాపం ఏమంటే, అప్పుడు నోరు తెరిచాను. అయ్యా, ఆ సమాఖ్య ఈ పని 2023 జులై 14నే చేసేసింది, మగవాడిగా యవ్వనం దాటాక మారిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళల పోటీల్లో పాల్గొనకూడదని ఆ నెల 17 నుంచే రూలు పెట్టింది, మీరు అడగబోయేది ఎప్పుడో ఇచ్చేశారు అన్నాను.

వాళ్ల మొహాలు చూడాల్సింది. కత్తి నూరుకుని యుద్ధానికి పోతే అక్కడ టెంట్లు కూడా పీకేసినట్టయింది పాపం. ప్లాట్ల ఆయన కాసేపు ఆలోచించి, "అయినా పంపిద్దాం, మన సపోర్టు ఉన్నట్టు వాళ్లకు తెలియాల గదా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ కొండ సైకిళ్ల గొడవ ఉత్తుత్తి గొడవ కాదు, పాతికేళ్లుగా నలుగుతోంది. కెనడాలో మిషెల్ డ్యుమారెస్క్ అనే ట్రాన్స్ మహిళ 2002 నుంచి డౌన్‌హిల్ పోటీల్లో దిగింది. 2006 జాతీయ పోటీలో ఆమె గెలిస్తే, రెండో స్థానం వచ్చిన అమ్మాయి "నూటికి నూరుపాళ్లు ఆడదాన్ని నేను, ఛాంపియన్ని నేను" అనే అర్థమొచ్చే టీషర్టు వేసుకుని పోడియం ఎక్కింది. ఆ టీషర్టుకు మూడు నెలలు సస్పెండ్ అయింది. తర్వాత 2018లో న్యూజిలాండులో కేట్ వెదర్లీ డౌన్‌హిల్ జాతీయ టైటిల్ గెలిచింది. 2023లో అమెరికాలో ఆస్టిన్ కిలిప్స్ అనే ఆమె రోడ్డు పందెం, టూర్ ఆఫ్ ది గిలా, గెలిచాక సమాఖ్య మీద ఒత్తిడి పెరిగిపోయింది. అప్పటిదాకా ఉన్న రూలేమో, రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను లీటరుకు 2.5 నానోమోల్ కంటే తక్కువగా రెండేళ్లు ఉండాలని. ఆ రూలు ప్రకారమే కిలిప్స్ తొక్కింది, దొంగతనంగా దూరలేదు. ఆ రెండేళ్లలో మగ యవ్వనం ఇచ్చిన బలం పూర్తిగా పోతుందని సైన్సు రుజువు చేయలేకపోయింది కాబట్టి రూలు మార్చామని సమాఖ్య అంది. హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లో దిగుతుంది, కండ మెల్లగా కరుగుతుంది, ఎముక పొడవు మాత్రం తగ్గదు. పదేళ్లు చెమటోడ్చి సెకనులో నాలుగోవంతు కోసం కొట్టుకునే అమ్మాయి దీన్ని అడగడంలో తప్పేమీ లేదు. నా మట్టుకు నాకు ఆ అమ్మాయి కోపం అర్థమవుతుంది, ఆట నుంచి బయటికి నెట్టిన ఆవిడ ఏడుపూ అర్థమవుతుంది. అర్థం కానిది ఈ ఉగ్గాని బండి ఆవేశమే.

ఎందుకంటే అర్జీ పని తప్పాక వాళ్లు టెస్టుల మీద పడ్డారు. "ఆడపిల్లలకు అందరికీ టెస్టు పెట్టాల, అప్పుడు తేలుతాది" అని ఒకాయన. ప్రపంచ అథ్లెటిక్స్ వాళ్లు 2025 సెప్టెంబర్ 1 నుంచి మహిళలకు జీన్ టెస్టు పెట్టారని చెబితే, ఇంట్లో శుభకార్యం జరిగినంత సంబరం. టెస్టు ఆడవాళ్లకు మాత్రమే. ఈ తొమ్మిదిమందిలో ఒక్కరిని పరగడుపున షుగర్ టెస్టు చేయించుకోమంటే ఆరు నెలలుగా రేపు, ఎల్లుండి అంటున్నారు.

పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకల బట్టీ కూలీల బిడ్డ ఒకామె ఉంది. శాంతి సౌందరరాజన్. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి పతకం తెచ్చింది. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి, ఆడపిల్లగా పరిగెత్తింది. ఆడదో కాదో తేల్చే టెస్టులో ఫెయిలైందని పతకం గుంజుకున్నారు. ఆమె తర్వాత అదే ఇటుకల బట్టీకి పనికి పోయింది. పరుగు పందేల ద్యుతీ చంద్‌ను ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందనే రూలు కింద 2014లో కామన్వెల్త్ జట్టు నుంచి తీసేస్తే, ఆమె క్రీడల కోర్టు దాకా పోయి 2015లో ఆ రూలును ఆపించుకుంది, సరే. శాంతికి ఆ దారి చూపించేవాళ్లు ఎవరున్నారు? ఒక ఆడపిల్ల ఒంటి గురించి దేశమంతా టీవీల్లో మాట్లాడుకుంటుంటే, మహిళా క్రీడల రక్షకులు ఎంతమంది రోడ్డెక్కారు? ఆ పొద్దున ఈ బండి దగ్గర నేను ఆ పేరు చెబితే ఒకాయన, "ఆయమ్మా? ఆయమ్మ మొగోడంట గదా" అన్నాడు. బజ్జీ నములుతూ అన్నాడు. నా ప్లేటు కింద పెట్టేశాను.

ఈ మాటల మధ్యలోనే ఒక హిజ్రా వచ్చింది. రైల్వేస్టేషన్ వైపు నుంచి రోజూ వచ్చే మనిషే. కొత్త షాపు తెరిస్తే ప్లాట్ల ఆయనే పిలిపించి దిష్టి తీయించుకుంటాడు, చేతిలో ఐదొందలు పెట్టి తల మీద చెయ్యి వేయించుకుంటాడు. టీ అడిగింది. బండి ఆయన మా అందరికీ గాజు గ్లాసుల్లో పోసిన టీని ఆమెకు పేపరు కప్పులో పోశాడు. ఆమె ఏమీ అనలేదు. రెండు వేళ్లతో కప్పు అంచు పట్టుకుని, వేడికి వేళ్లు మార్చుకుంటూ, పక్కకు పోయి వేపచెట్టు కింద నిలబడి తాగింది. ఎవరి గురించి పావుగంటగా అంత వేడిగా మాట్లాడారో అలాంటి మనిషి అక్కడ నిలబడి ఉన్నంతసేపూ తొమ్మిదిమందికీ నోట మాట లేదు. సుప్రీంకోర్టు 2014లోనే వీళ్లను మనుషులుగా లెక్కగట్టమంది, 2019లో చట్టం కూడా వచ్చింది. గాజు గ్లాసు ఇంకా రాలేదు.

ఆమె వెళ్లిపోయాక మా చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

మా చిన్నాయనది బుక్కరాయసముద్రం పక్క పల్లె. రెండు బర్రెలు. రోజూ పొద్దున్నే టౌనుకు పాలు తెచ్చి పోసి, ఉగ్గాని తిని పోతాడు. ఆయన ఆ పొద్దున చెప్పింది మాట మార్చకుండా రాస్తున్నాను. "ఎవురి కేటగిరీలో వాళ్లుండాలప్పా. ఆడోళ్లది ఆడోళ్లకు, మొగోళ్లది మొగోళ్లకు. ఆడబిడ్డకు ఇచ్చినదాంట్లోకి మొగోడు దూరితే అది దొంగతనమే!"

అందరూ "భేష్" అన్నారు. చిన్నాయన అదే ఊపులో చెయ్యి తుడుచుకుని, ఖాళీ పాలక్యాన్లు రెండూ రెండు పక్కలా తగిలించి, తన వాహనం ఎక్కాడు.

అది లేడీస్ సైకిలు.

తెలుగు పాఠకులకు లేడీస్ సైకిలు గురించి చెప్పక్కర్లేదు. నడిమి కడ్డీ వంగి ఉంటుంది. ముందు బుట్ట ఉంటుంది. ఈ బుట్టలో ఇప్పుడు తవుడు సంచి ఉంది. వెనక చక్రానికి చీర పడకుండా వేసే వల ఉంది, దాని మీద పేడ ఎండి ఉంది. చెయిన్ కవరు మీద అక్షరాలు సగం చెరిగిపోయి "బడికొ" వరకే మిగిలాయి. సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఉచితంగా సైకిళ్లిచ్చిన బడికొస్తా పథకం అన్నమాట. ఐదడుగుల పదంగుళాల మా చిన్నాయన ఆ సీటు మీద కూర్చుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి, అందుకని రెండు మోకాళ్లూ బయటికి చాపుకుని, మీసం మెలేసుకుని, ట్రింగ్ ట్రింగ్‌మని బెల్లు కొట్టుకుంటూ తొక్కుతాడు. ఆ బెల్లు మీద ఇప్పటికీ సీతాకోకచిలుక బొమ్మ ఉంది. నూటికి నూరుపాళ్లు మహిళల కేటగిరీ పరికరం. దాని మీద ఒక మగ మనిషి, మగ ఎముకలతో, మగ ఊపిరితిత్తులతో, పాలక్యాన్లతో సహా, మహిళల కేటగిరీని మగవాళ్లు ఆక్రమించడం మీద ఉపన్యాసం ముగించి ఇంటికి పోతున్నాడు. ఏ సమాఖ్య వాళ్లూ నానోమోల్ కొలవలేదు. ఎవడూ ఎర్ర సున్నా చుట్టలేదు. మోపెడ్ రిపేరు అయ్యేదాకానే అని ఆయన వాదన. మోపెడ్ రెండేళ్లుగా షెడ్డులో ఉంది.

సైకిలు అసలు హక్కుదారు మా చెల్లెలు, చిన్నాయన కూతురు. ఎనిమిదేళ్ల కిందట ఆ సైకిలు వచ్చినప్పుడు బడి నాలుగు కిలోమీటర్లు. పొద్దున పల్లె మలుపు నుంచి బడి గేటు దాకా మగపిల్లలతో పందెం వేసుకుని పోయేది. గెలిచేది కూడా. ఒక వాగు దగ్గర దిగుడు ఉంటుంది, గులకరాళ్లు, మగపిల్లలంతా దిగి నడిపించుకుంటూ పోయేవాళ్లట, ఈ పిల్ల మాత్రం సీటు మీద నుంచి కాస్త లేచి, బరువు వెనక్కి వేసి దిగేసేది. డౌన్‌హిల్ కోచ్‌లు డబ్బులు తీసుకుని నేర్పేది అదే మరి. ఎవరూ నేర్పలేదు ఆమెకు.

దసరా సెలవుల్లో పెద్దమనిషైంది.

ఫంక్షన్ చేశారు. ఫ్లెక్సీ కట్టారు. పట్టులంగా, పూలజడ. నేను ఐదొందల పదహారు చదివించి, బాదుషా రెండుసార్లు వేయించుకుని తిన్నాను. మరుసటి వారం సైకిలును కొట్టంలో దూలానికి వేలాడదీశారు. పెద్దమనిషైన పిల్ల రోడ్డు మీద సైకిలు తొక్కితే నలుగురూ ఏమనుకుంటారు? చిన్నాయన అదే అన్నాడు. నేను బాదుషా మింగి "అదీ నిజమేలే" అన్నాను. చెల్లెలు నావైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా మెడ మీద ఉంది.

ఆ నలుగురు ఎవరో నాకు ఇప్పుడు తెలుసు. ఉగ్గాని బండి దగ్గర ఉన్నారు. నలుగురు కాదు, తొమ్మిదిమంది. నన్ను కలిపితే పది.

యవ్వనం వల్ల మగవాళ్లకు వచ్చే అడ్వాంటేజ్ ఎంతో స్విట్జర్లాండులో కూర్చుని కొలుస్తున్నారు గదా, ఇక్కడికొచ్చి కొలవండి సామీ! మీసం రాగానే మొగపిల్లోడికి బండి తాళం ఇస్తారు. పెద్దమనిషి కాగానే ఆడపిల్ల చేతిలో ఉన్నది గుంజుకుంటారు. గ్రౌండు గుంజుకుంటారు, సాయంత్రం గుంజుకుంటారు, రోడ్డు గుంజుకుంటారు. స్పోర్ట్స్ మీట్‌కు తీసుకుపోతే బాత్రూముకు తలుపుండదు, ఆ పిల్లలు పొద్దున నుంచి నీళ్లు తాగకుండా పరిగెడతారు, కళ్లు తిరిగి పడితే "ఆడపిల్లలకు స్టామినా ల్యా" అంటారు. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి 2025 నవంబర్‌లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంటే ఇదే బండి దగ్గర "మా సీమ బిడ్డ" అని స్వీట్లు పంచుకున్నారు. ఆ మర్నాడు నుంచి ఎవడైనా తన బిడ్డకు బంతి కొనిచ్చాడా? ఎంతమంది ట్రాన్స్ మహిళలు వచ్చి మీ బిడ్డల మెడల్స్ ఎత్తుకుపోయారు? ఒక్కరు చెప్పండి. మెడల్ దాకా పోనిస్తే గదా!

సరే. బీపీ పెరుగుతోంది. కాలమ్‌కు గాంభీర్యం ఉండాలి.

ఆదివారం చిన్నాయన ఇంటికి పోయాను. చెల్లెలికి డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. దాంట్లో పరుగు కూడా ఉంది, సాయంత్రాలు రోడ్డు మీద పరిగెత్తొద్దని చిన్నాయన అంటే పొద్దున నాలుగున్నరకు, చీకట్లో, మిద్దె మీద పరిగెడుతోందట. పన్నెండు అడుగులు అటు, పన్నెండు అడుగులు ఇటు.

చిన్నాయన పాలకు బయలుదేరాడు. గేటు దాటకుండానే చెయిన్ పడిపోయింది. "పాపా!" అని కేక వేశాడు. చెల్లెలు పుస్తకం బోర్లా పెట్టి వచ్చి, సైకిలును స్టాండు వేసి, పుల్లతో చెయిన్ ఎత్తి పళ్లకు తగిలించి, పెడల్‌ను చేత్తో వెనక్కి ఒకసారి, ముందుకు రెండుసార్లు తిప్పింది. చక్రం గిర్రున తిరిగింది. ఆమె దాన్ని కాసేపు అలా తిరగనిచ్చింది.

"పోయేటప్పుడు దిగుట్లో మెల్లగా పో నాయనా," అంది. "ముందు బ్రేకు పట్టదు. నేను చెప్పి శానా దినాలాయ."

వేళ్లకంటిన నల్లటి గ్రీజును గోడకు తుడిచి, నావైపు తిరిగి, "అన్నా, ఆ ఫోన్లో చూపించినారంటనే, కొండ మీద నుంచి దిగేది, ఆ సైకిళ్లకు రెండు బ్రేకులూ పడతాయా?" అని అడిగింది.