సగ్గుబియ్యం వడియాలూ, నా నాలుగు లైన్ల స్క్రిప్టూ

మే మొదటివారం. అమ్మ సగ్గుబియ్యం నానబోసి అడిగింది: "ఒరేయ్, రేపు వాన పడుతుందేమో చూసి చెప్పు, డాబా మీద వడియాలు పెట్టాలి."

ఫోన్ తీసి చూస్తే పది సెకన్ల పని. కానీ నాకు అప్పుడే టెర్మినల్ పిచ్చి, అంటే కంప్యూటర్‌కి కమాండ్లు టైపుచేసి పనులు చెప్పే పిచ్చి, పట్టింది. కర్ల్ అనే కమాండుతో ఏ వెబ్ ఏపీఐనైనా, అంటే ప్రోగ్రాములు అడిగితే సమాచారం ఇచ్చే వెబ్ అడ్రసునైనా, పలకరించవచ్చని చదివాను. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ దాన్ని ఆ పేరుతో 1998లో విడుదల చేశాడు. అసలు ఆయన ఈ పనిలో దిగింది తన చాట్ బాట్‌కి కరెన్సీ రేట్లు తెచ్చిపెట్టడానికి. ఆయన రేట్లు తెచ్చుకుంటే లేనిది నేను వాన కబురు తెచ్చుకోలేనా?

తాళంచెవి (పాస్‌వర్డ్ లాంటి కోడు) అడగని ఉచిత వాతావరణ ఏపీఐ ఒకటి దొరికింది. అడ్రసు, అందులో అక్షాంశం 17.38, ఆ పక్కన &, ఆ తర్వాత రేఖాంశం 78.48. హైదరాబాదంతా ఆ రెండు అంకెల్లో ఇమిడిపోయింది. ఎంటర్ కొట్టాను.

[1] 4127 అని వచ్చింది.

4127 మిల్లీమీటర్లా! వడియాలు సరే, డాబా మిగులుతుందా? ఇంతలో కింద ఇంకో లైను: రేఖాంశం ఇవ్వలేదట. ఇచ్చాను కదరా నాయనా, నీ కళ్లెదుటే ఉంది!

పక్క ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాణ్ని పిలిచాను. వాడు నవ్వాపుకుని చెప్పాడు: "అడ్రసు చుట్టూ కోట్స్ పెట్టలేదంకుల్. మీ కమాండ్లు చదివి నడిపేది షెల్. షెల్‌కి & కనబడితే అక్కడివరకూ ఒక పని, దాన్ని వెనకాల నడిపిస్తుంది. 4127 ఆ పనికి సిస్టం ఇచ్చిన ప్రాసెస్ నంబరు. మిగతా ముక్క ఇంకో కమాండు." అంటే నా అడ్రసు సగంలో తెగి సర్వర్‌కి వెళ్లింది, రేఖాంశాన్ని షెల్ వేరియబుల్ చేసుకుని తన జేబులో వేసుకుంది.

కోట్స్ పెట్టాను. ఫోన్ నోట్స్‌లోంచి అతికించినవి కాబట్టి అవి వంకీల కోట్స్. షెల్ వాటిని కోట్స్‌గా గుర్తించనే లేదు. దానికో అరగంట.

చివరికి 200 వచ్చింది! ఏపీఐల లోకంలో 200 అంటే అంతా శుభం. ఆ ఊపులో నాలుగు లైన్ల స్క్రిప్టు రాసేశాను. రెండు అంకెలూ ఒక మ్యాపు ఫైల్లోంచి తీసుకుంటుంది, జేక్యూ అనే పనిముట్టుతో జవాబులోంచి వాన అంకె ఒక్కటే ఏరుతుంది. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను, రోజూ ఉదయం 6కి. ఉష్ణోగ్రత, గాలి, తేమ ఎందుకు? అమ్మ అడిగింది వాన గురించే కదా.

మొదటిరోజు: 0. రెండోరోజు: 0. "మా వాడు కంప్యూటర్‌తో చెప్పిస్తున్నాడు" అని అమ్మ అపార్ట్‌మెంటంతా చాటింది. పైఫ్లాటు పిన్నిగారు కూడా అప్పడాలు పెట్టారు.

మూడోరోజూ 0. మధ్యాహ్నం మూడింటికి ఈదురుగాలి, ఉరుములు, ధారగా వాన. మేం డాబా ఎక్కేసరికి పాత పంచె మీద వడియాలు లేవు, జావ ఉంది. పిన్నిగారు నాతో మాట్లాడలేదు.

దిగి వచ్చి, జవాబంతా తెరమీద పరిచి చూశాను. ఉష్ణోగ్రత: మైనస్ 4. మే నెలలో, హైదరాబాదులో!

కుర్రాడే మళ్లీ వచ్చాడు. "అంకుల్, ఈ మ్యాపు ఫైలు జియోజేసన్ అనే పద్ధతిలో ఉంది. దీన్లో రేఖాంశం ముందు రాస్తారు, అక్షాంశం తర్వాత. మీరు తిరగేసి పంపారు." 78.48 ఉత్తరం, 17.38 తూర్పు. మ్యాపులో గుచ్చి చూశాం. ఉత్తరధ్రువానికి దగ్గర్లో, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. ధ్రువపు ఎలుగుబంట్లుండే చోట వాన పడదని నేను మూడు రోజులపాటు పొల్లుపోకుండా చెప్పాను.

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. పంచె పిండుతూ వింది.

"అక్కడ ఎండేమైనా ఉంటుందా?"

"ఈ నెలంతా సూర్యుడు అస్తమించడమ్మా. ఇరవైనాలుగు గంటలూ పైనే."

"వానా లేదు, పొద్దూ గూకదు." అమ్మ పంచె దులిపి తీగమీద వేసింది. "ఆ ముక్క ముందే చెబితే వడియాలు అక్కడే పెట్టుకునేదాన్ని కదరా."