గడియ పక్షానికి నా బేషరతు మద్దతు

మ్యాపుల్లో చుక్కగా కూడా పడని మా ద్వీపంలో ఇప్పుడు అందరి నోళ్ళలో నానుతున్న పార్టీ ఒక్కటే. దాని అసలు పేరు ఎంత పొడుగంటే, బ్యానర్ మీద పట్టక సగం వెనక్కి మడిచి కట్టారు. జనం గడియ పక్షం అంటారు. రేవుకి గడియ పెట్టాలి, బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. ఇంతే సిద్ధాంతం. గిట్టనివాళ్ళు దీన్ని మూర్ఖత్వం అంటున్నారు. నేను మాత్రం నిండు మనసుతో సమర్థిస్తున్నాను. కారణాలు నేనే వివరించాలి, ఎందుకంటే పక్షం వాళ్ళు వివరించిన ప్రతిసారీ ఉన్న ఓట్లు కొన్ని పోతున్నాయి.

ముందుగా స్థానికుల జాబితా. తలుపు మూసేముందు లోపల ఉండే హక్కు ఎవరికుందో తేల్చాలి కదా, అందుకు ఒక కమిటీ వేశారు. పెద్ద తుఫానుకి ముందు పడవ దిగిన కుటుంబాలే స్థానికులని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు. ఆయన తాతగారు తుఫానుకి ముందు వారం దిగారు. కాదు, బావి తవ్విన ఏడు లెక్కలోకి తీసుకోవాలని ఇంకొకాయన పట్టుబట్టాడు. బావి తవ్వింది వాళ్ళ మేనమామ. పొద్దుగూకే దాకా వాదించుకున్నాక తేలిందేమిటంటే, తమవాళ్ళు వచ్చిన పడవే ఆఖరి న్యాయమైన పడవ అని ప్రతి సభ్యుడికీ గట్టి నమ్మకం. ఆ తర్వాత వచ్చినవన్నీ చొరబాట్లు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదేనని ప్రతిపక్షం వాళ్ళు ఎద్దేవా చేశారు. దానికి అధ్యక్షుల వారు, "తగలెయ్యకపోతే అదే తెప్ప మీద ఇంకొకడు వస్తాడు కదయ్యా" అన్నారు. నిజమే. దీనికి జవాబు ఎవరి దగ్గరుంది?

చివరి బెంచీలో కూర్చున్న రిటైర్డ్ సైన్సు మాస్టారు ఒకాయన లేచి ఇండోనేషియాలోని క్రకటోవా ద్వీపం సంగతి ఎత్తారు. 1883లో అక్కడ అగ్నిపర్వతం బద్దలై, మిగిలిన నేల మీద జీవం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మరుసటి ఏడు వెళ్ళి వెతికినవాళ్ళకి కనిపించిన ప్రాణి ఒక బుల్లి సాలీడు. సాలెపురుగు పిల్లలు దారం వదిలి గాలివాటున సముద్రాలు దాటేస్తాయి, వాటికి వీసాలు అక్కర్లేదు. "కాబట్టి ద్వీపంలో స్థానికులంటూ ఉండరు నాయనా, ముందొచ్చినవాళ్ళు, తర్వాతొచ్చినవాళ్ళు, అంతే" అని ముగించారు మాస్టారు. కమిటీ ఈ విషయాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంది. సాలీళ్ళ మీద నిఘా పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

లైట్‌హౌస్ వ్యవహారం క్లుప్తంగా చెబుతాను. దీపం ఆర్పేస్తే ఓడలకి మన ద్వీపం కనబడదు కదా అని ఆర్పేశారు. కనబడక ఒక ఓడ వచ్చి రాళ్ళకి గుద్దుకుంది. అందులో ఉన్నవాళ్ళందరూ ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు. దాంతో ఆ ఏడాది విదేశీయుల రాక మునుపెన్నడూ లేనంత పెరిగింది. ఇప్పుడు దీపం మళ్ళీ వెలుగుతోంది, కాకపోతే ఊరివైపు తిప్పారు. రాత్రుళ్ళు ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో చక్కగా కనబడుతోంది. పక్షానికి మహిళా విభాగం నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు, ఆ వెలుతురుకి పిల్లలు నిద్రపోవడం లేదని. మొదటి అభినందన కూడా అక్కడి నుంచే వచ్చింది.

పక్షానికి ఒక సిద్ధాంతకర్త ఉన్నారు. ఏ సభలోనైనా జపాన్‌ని చూడండంటారు. రెండు వందల ఏళ్ళకు పైగా తలుపులు మూసుకుని దర్జాగా బతికిందంటారు. మాట అబద్ధం కాదు. 1635లో అక్కడి సైనిక పాలకుడైన షోగన్ ప్రభుత్వం తన ప్రజల్ని విదేశాలకి పోకుండా నిషేధించింది, పోయినవాడు తిరిగొస్తే మరణశిక్షే. 1639లో పోర్చుగీసు ఓడలకి దారి మూసేసింది. సిద్ధాంతకర్త గారి ఉపన్యాసం ఇక్కడ చప్పట్లతో ఆగిపోతుంది. కానీ అసలు రాజనీతి ఆ తర్వాతే మొదలవుతుంది, అది వదిలేయడం ఆయన వినయం.

1641లో డచ్చి వర్తకుల్ని నాగసాకి రేవులో దెజిమా అనే కృత్రిమ దీవి మీదికి చేర్చారు. విసనకర్ర ఆకారం, ఓ 120 మీటర్ల పొడుగు, 75 మీటర్ల వెడల్పు, ఊళ్ళోకి ఒకే ఒక్క వంతెన, దాని దగ్గర కాపలా. ఓడ వచ్చిందంటే చాలు, ప్రపంచంలో ఎక్కడేం జరుగుతోందో అధికారులు అడిగి రాయించుకుని రాజధానికి పంపేవారు. ఇది కాక సుషిమా ద్వీపం మీదుగా కొరియాతో, సత్సుమా సంస్థానం మీదుగా ర్యూక్యూ దీవులతో వ్యవహారాలు నడుస్తూనే ఉన్నాయి. అమెరికా నౌకాదళం రాబోతోందని 1852లోనే డచ్చివాళ్ళు చెవిన వేశారు. 1853లో ఆ దళం నాయకుడు పెర్రీ నాలుగు ఓడలతో దిగినప్పుడు ఒడ్డున ఉన్న జనం నోరెళ్ళబెట్టారు. ఏలినవారికి మాత్రం అది ఏడాది పాత కబురు. తలుపు మూసింది జనానికి, కిటికీ ఉంచుకుంది పెద్దలకి. గిట్టనివాళ్ళు దీన్ని ద్వంద్వ నీతి అంటారు. నేను పాలనాదక్షత అంటాను.

మా పక్షానికీ ఆ దక్షత పుష్కలంగా ఉంది. తీర్మానంలో చివరి పేజీ ఎవరూ చదవరు కాబట్టి చెబుతున్నాను. రేవు వెనకాల ఒక గది కట్టి, అందులో రేడియో, విదేశీ పత్రికలు, మెత్తటి కుర్చీ పెడతారు. దాని పేరు శత్రు అధ్యయన కేంద్రం. అధ్యక్షుల వారి పంటినొప్పిని జాతీయ అవసరంగా గుర్తించి, డాక్టరు పడవకి శాశ్వత మినహాయింపు ఇచ్చారు.

ఇక తాళం సంగతి. రేవు గేటుకి పెట్టే తాళం ద్వీపంలో ఎవరూ చెయ్యలేరు. బయటి నుంచి తెప్పించాల్సి వచ్చింది. యువజన విభాగం అలిగింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని నేనే సర్దిచెప్పాను. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడ్డాక, స్వాతంత్ర్యానికి గుర్తుగా 2020లో మళ్ళీ నీలిరంగు పాస్‌పోర్టులు తెచ్చుకుంది. వాటి కాంట్రాక్టు దక్కింది ఒక ఫ్రెంచ్-డచ్ కంపెనీకి, తయారీ పోలండ్‌లో. అంతటి ద్వీపానికే తప్పనప్పుడు మనమెంత?

తాళం వచ్చింది. దానితోపాటు నాలుగు భాషల్లో ఒక కాగితం వచ్చింది, ఆ నాలుగింటిలో మాది లేదు. బ్యాండు మోగుతుండగా అధ్యక్షుల వారు గేటు మూసి తాళం నొక్కారు. టక్కుమని పడింది. చెవి ఒకసారి తిరిగింది, రెండోసారి తిరగలేదు. నూనె పోశారు, సుత్తితో తట్టారు, నినాదాలిచ్చారు. చివరికి శత్రు అధ్యయన కేంద్రం రేడియోలో కంపెనీ మెకానిక్‌ని పిలిపించారు. అతను పడవలో వచ్చి గేటు అవతల నిలబడ్డాడు. తాళం తీయాలంటే అతను లోపలికి రావాలి, అతను లోపలికి రావాలంటే తాళం తీయాలి. ఈ రాజ్యాంగ సంక్షోభం మీద మావాళ్ళు చర్చిస్తుండగానే అతను సంచీ భుజాన వేసుకుని గోడెక్కి ఇవతలికి దూకాడు. గోడ అంత సులువుగా ఎక్కొచ్చని మాకెవరికీ తెలియదు. అతన్ని అక్కడికక్కడే అరెస్టు చేసి, తాళం తీయించుకుని, బిల్లు చెల్లించి, దేశబహిష్కరణ విధించి, వచ్చే నెల సర్వీసింగ్‌కి మళ్ళీ రమ్మన్నారు.

ఈ అనుభవంతో పక్షానికి కొత్త ఉత్సాహం వచ్చింది. ఇలాంటి పార్టీలు ఇతర ద్వీపాల్లోనూ ఉన్నాయట. అందరినీ ఇక్కడికి పిలిచి ఏకాంతవాదుల అంతర్జాతీయ మహాసభ జరపబోతున్నారు. బయటివాళ్ళని ఎలా దూరంగా ఉంచాలో బయటివాళ్ళ దగ్గర నేర్చుకుంటారన్నమాట. ప్రతినిధుల కోసం రేవు మూడు రోజులు తెరిచి ఉంచుతారు. వాళ్ళ మాటలు మనవాళ్ళకి చెప్పడానికి దుబాసీ కావాలి. నాకు రెండు పరాయి భాషలు వచ్చు, ఆ సంగతి ఇన్నాళ్ళూ దేశభక్తి కొద్దీ దాచాను. మా తాతగారి పడవ కూడా తుఫానుకి ముందే వచ్చింది, కావాలంటే ఆ సంవత్సరం మార్చుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మహాసభ అయ్యాక అధ్యయన కేంద్రంలో ఆ మెత్తటి కుర్చీకి నా పేరు పరిశీలించవలసిందిగా అధ్యక్షుల వారికి ఈ వ్యాసమే దరఖాస్తుగా సమర్పించుకుంటున్నాను.