వెయ్యి లేఅవుట్లు ఉన్నాయి సరే, మా తాతయ్య తల ఏది?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. కాస్త అటూ ఇటూగా అదే మెసేజ్ ఆఫీసు గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా చూశాను. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: పెళ్లికైనా షష్టిపూర్తికైనా ఆల్బమ్ కోసం ఫోటో ల్యాబ్ చుట్టూ తిరగడం పాతకాలం పని. ఎక్కువ లేఅవుట్లు (పేజీలో ఫోటోలు పెట్టే రెడీమేడ్ అమరికలు) ఉన్న ఫోటోబుక్ యాప్ చూసుకోండి, లేఅవుట్లు ఎన్నుంటే అంత ఫ్లెక్సిబుల్. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలన్నీ ఎక్కించి ఆటో బటన్ నొక్కితే పది నిమిషాల్లో పుస్తకం రెడీ. పేర్లు, శీర్షికలు తెలుగులోనే రాసుకోవచ్చు. పేజీలు మొత్తం పరుచుకునే బైండింగ్‌కి అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకండి, అదంతా మోసం. స్క్రీన్ మీద కనిపించిందే ప్రింటవుతుంది. ఆర్డర్ మాత్రం ఆఫర్ వచ్చినప్పుడే పెట్టండి.

చివరి ముక్క ఒక్కటే పూర్తిగా నిజం. మిగతావన్నీ నేను నమ్మాను. నాన్న షష్టిపూర్తికి అలాగే ఒక పుస్తకం చేయించాను కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లేఅవుట్ల సంఖ్య సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే జనం మోసపోయేది అక్కడే. మా ఇంట్లో పాత ఫోటోలన్నీ చతురస్రాలు. ఆ రోజుల్లో ఊళ్లో తిరిగిన అగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరాల్లో 120 అనే సైజు రీలు వేసి తీసినవి, నెగెటివే ఆరు సెంటీమీటర్లకు ఆరు సెంటీమీటర్లు. నల్ల అట్ట పేజీల మీద, నాలుగు మూలలా చిన్న కాగితపు తొడుగులతో, పైన పల్చటి బటర్ పేపరుతో ఉంటాయి. వాటిలో ఒక దాంట్లో నానమ్మ కుర్చీలో కూర్చుంటే తాతయ్య పక్కన కండువాతో నిటారుగా నిలబడ్డాడు. ఆ ఫోటోను యాప్‌లో వేస్తే నానమ్మ నిక్షేపంగా ఉంది, తాతయ్య మాత్రం మెడ దాకానే ఉన్నాడు.

కారణం సులువే. యాప్‌లో ఫోటో పెట్టే గడులు చాలావరకు 3:2 కొలతలో ఉన్నాయి, అంటే పెద్ద కెమెరా ఫోటో కొలత. చతురస్రపు ఫోటోను అడ్డంగా ఉన్న 3:2 గడిలో నింపితే ఎత్తులో మూడో వంతు పోతుంది. ఫోన్ ఫోటో 4:3 కాబట్టి దానికి నష్టం తక్కువ, తొమ్మిదో వంతు. అయినా పైకి ఎగరేసిన తలంబ్రాలో, నెత్తి మీది బాసికమో పోవడానికి ఆ తొమ్మిదో వంతు చాలు. నేను ఇంకో లేఅవుట్ వెతికాను, ఆ తర్వాత మరొకటి. గులాబీ పూల అంచు, బంగారు అంచు, వాటర్ కలర్ అంచు అన్నీ మారాయి గానీ లోపలి గడి కొలత మారలేదు. వెయ్యి లేఅవుట్లన్నది వెయ్యి రకాల ముగ్గు. గడిని మనం కదపలేనప్పుడు అవి వెయ్యి ఉంటే ఏం, పది ఉంటే ఏం?

కాబట్టి సంఖ్య చూడకండి. గడి మూల పట్టుకుని లాగితే సాగుతోందా? కొత్త గడి పెట్టుకోగలమా, ఉన్నదాన్ని తీసేయగలమా? గడిలో ఫోటోను పైకీ కిందికీ జరపొచ్చా? చుట్టూ ఖాళీ వదిలైనా సరే, ఫోటో మొత్తం కనిపించేలా పెట్టనిస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, మనం బయట తయారు చేసుకున్న పూర్తి పేజీని ఒకే బొమ్మగా ఎక్కించనిస్తుందా? ఈ చివరిది ఉంటే తక్కినవి లేకపోయినా పని గడుస్తుంది. పరీక్ష కూడా పెద్ద కష్టం కాదు. ఒక చతురస్రపు పాత ఫోటో, నిలువుగా తీసిన ఫోన్ ఫోటో ఒకటి, ముప్ఫై మంది ఉన్న గ్రూప్ ఫోటో ఒకటి, ఈ మూడూ వేసి నాలుగు పేజీలు చేసి చూడండి. డబ్బు కట్టకముందే సంగతి తెలిసిపోతుంది. నేను డబ్బు కట్టాక చేశాను.

ఇక ల్యాబ్ పాతకాలం అన్న మాట. నిజానికి మనం కోరే స్వేచ్ఛ అక్కడే ఎక్కువ. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌ని అందరూ కరిజ్మా అనే అంటారు కదా. దానికి బాగా నడిచే సైజుల్లో ఒకటి 12x36, అంటే పుస్తకం తెరిస్తే ఎత్తు పన్నెండు అంగుళాలు, వెడల్పు ముప్ఫై ఆరు. ల్యాబ్‌కి కావలసింది ఒక్కో షీటుకి ఒక్కో జేపీజీ. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 10,800 పిక్సెళ్ల వెడల్పు, 3,600 ఎత్తు. ఆ బొమ్మలో ఏ ఫోటో ఎక్కడ పెట్టామన్నది ల్యాబ్‌కి అనవసరం. షీటంతా ఖాళీగా వదిలి మధ్యలో అగ్గిపెట్టంత ఫోటో పెట్టినా అలాగే ప్రింట్ చేసి ఇస్తారు.

మరి కరిజ్మాలన్నీ ఒకేలా ఎందుకుంటాయంటే, తప్పు ల్యాబ్‌ది కాదు, డిజైనింగ్‌ది. డిజైనర్ దగ్గర వందల పీఎస్‌డీలు, అంటే ఫోటోషాప్‌లో ముందే చేసి పెట్టుకున్న డిజైన్లు ఉంటాయి. మన ఫోటోలు వాటిలో పడతాయి. అప్పగింతల వెనక ఈఫిల్ టవర్, జీలకర్ర బెల్లం వెనక హంసలు, పక్కన ప్రేమ గురించి ఇంగ్లిష్‌లో రెండు లైన్లు. పాపం ఆయన సీజన్‌లో రోజుకి ఎన్ని పెళ్లిళ్లు చేయాలి! ముందే కూర్చుని, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉంచండి అన్నా, షీటుకి నాలుగు ఫోటోలు దాటొద్దు అని చెప్పినా చాలావరకు వింటారు. అడగవలసింది ఇంకొకటి ఉంది: కరెక్షన్లు ఎన్నిసార్లు చేస్తారు? అది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

వాట్సాప్ ఫోటోల సంగతికి వస్తే, ఇది లెక్క మాత్రమే. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటో పొడుగు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. 300 డీపీఐ లెక్కన అది అయిదు అంగుళాల పైచిలుకు. కాస్త సర్దుకుని 200 డీపీఐ అనుకుంటే ఎనిమిది అంగుళాలు. పేజీలో ఆరోవంతు గడికి చక్కగా సరిపోతుంది, పేజీ నిండా వేస్తే మొహాలు మైనం పూసినట్టు అవుతాయి. అదే ఫోటో తీసినవాళ్ల ఫోన్‌లో 4,000x3,000 ఉంటుంది, అంటే పదమూడు అంగుళాలకు పది. 2023 నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీ అని ఒక ఆప్షన్ వచ్చింది గానీ అదీ అసలు ఫైలు కాదు. డాక్యుమెంట్‌గా పంపమనండి, ఏమీ తగ్గకుండా వస్తుంది. పాత ప్రింట్లను ఫోన్‌తో ఫోటో తీయకుండా స్కాన్ చేయించండి. మూడు అంగుళాల ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 1,800 పిక్సెళ్లు వస్తాయి, ఆరు అంగుళాలకు పెంచుకోవచ్చు.

ఆటో బటన్ గురించి ఎక్కువ చెప్పను. అది ఫోటోలను తేదీని బట్టి పేరుస్తుంది. స్కాన్ చేసిన ఫోటోకి తేదీ అంటే స్కాన్ చేసిన రోజు. వాట్సాప్ ఫోటోలో తీసిన తేదీ చెరిగిపోయి వచ్చిన తేదీ మిగులుతుంది. మా పుస్తకంలో మా వాడి బారసాల మూడో పేజీలో, నానమ్మ పెళ్లి ఇరవయ్యో పేజీలో తేలాయి. పెళ్లిలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లుండి, ఒకరి కెమెరా గడియారం గంట వెనక ఉంటే అప్పగింతలయ్యాక తాళి కట్టిస్తుంది.

తెలుగు సంగతే అన్నిటికన్నా నా ప్రాణం తీసింది. యాప్‌లో అట్ట మీద షష్టిపూర్తి అని టైప్ చేశాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. పార్సిల్ విప్పి చూస్తే బంగారు రంగులో, ఇంతింత అక్షరాలతో, ‘షష్‌టిపూర్‌తి’. ఒత్తులన్నీ విడిపోయి పొల్లులతో నిలబడ్డాయి. నాన్న కళ్లద్దాలు సర్దుకుని ఒకటికి రెండుసార్లు కూడబలుక్కుని చదివారు, ఏమీ అనలేదు.

జరిగిందేమిటంటే, తెలుగులో హల్లు కింద ఒత్తు చేర్చడం సాఫ్ట్‌వేర్ ప్రత్యేకంగా చేయాల్సిన పని. మన ఫోన్‌కీ బ్రౌజర్‌కీ అది వచ్చు, అందుకే ప్రివ్యూ బాగుంటుంది. ప్రింట్ ఫైలు తయారుచేసే ప్రోగ్రామ్ వేరేది. దానికి రాకపోతే అక్షరాలను విడివిడిగా పేర్చేస్తుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనూ ఇదే తంటా. టైప్ సెట్టింగ్స్‌లో మన భాషలకు సంబంధించిన ఆప్షన్ మార్చకపోతే యూనికోడ్ తెలుగు, అంటే మనం ఫోన్‌లో టైప్ చేసే తెలుగు, ముక్కలవుతుంది. అందుకే చాలామంది డిజైనర్లు ఇప్పటికీ అను అనే పాత ఫాంట్లతోనే పని చేస్తారు. అవి యూనికోడ్ కావు కాబట్టి మనం వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ నేరుగా అతకదు, ఆపరేటర్ మళ్లీ టైప్ చేయాలి. అక్కడ అచ్చుతప్పులు దూరుతాయి. అన్నట్టు, అరవై అంటే షష్టి, ఆరో తిథి షష్ఠి. ‘షష్ఠిపూర్తి’ అని వేసిన ఫ్లెక్సీలు ఎన్ని చూశానో.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. మాటల్ని మాటలుగా ఇవ్వకండి, బొమ్మగా ఇవ్వండి. కంప్యూటర్‌లో మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంటు వేసుకుని రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా దాచుకుని, దాన్నే ఫోటోలాగా పేజీలో పెట్టాలి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వెడల్పు రెండు వేల పిక్సెళ్లకు తగ్గకుండా చూసుకోండి, లేకపోతే అంచులు అరిగినట్టు ఉంటాయి. అమెరికాలో ఉన్న మా అక్క అక్కడి యాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఖాళీ డబ్బాలు వచ్చాయట, తనకీ ఈ చిట్కాతోనే పనైంది. పీఎన్‌జీని పెట్టనివ్వని యాప్ అయితే తెలుగు పుస్తకానికి పనికిరాదు, లేఅవుట్లు ఎన్ని ఉన్నా సరే.

పరుచుకునే బైండింగ్ మోసం అన్నది సగం నిజం. మామూలు పుస్తకంలా వెన్నుకి జిగురు పెట్టిన బైండింగ్ పూర్తిగా తెరుచుకోదు, మధ్యలో రెండు వైపులా కొంత లోపలికి పోతుంది. మా గ్రూప్ ఫోటోని రెండు పేజీల మీదుగా వేశాను, పెదనాన్న సరిగ్గా మడతలో పడ్డారు. ఆయన చెవి ఒకటి ఎడమ పేజీలో ఉంది, ఇంకొకటి కుడి పేజీలో. రెండు పేజీల మీదుగా ఒక ఫోటో కావాలంటే పరుచుకునే బైండింగే తీసుకోండి, అలాంటి ఫోటోలు లేకపోతే ఆ డబ్బు నిజంగానే దండగ. షీట్లు మందంగా ఉంటాయి కాబట్టి పుస్తకం బరువెక్కుతుంది, పేజీల సంఖ్యకీ పరిమితి ఉంటుంది. ఎందులోనైనా బయటి అంచున మూడు మిల్లీమీటర్ల దాకా కత్తిరింపులో పోతుందని లెక్కేసుకోండి. మొహాలు, పేర్లు అంచుకి దూరంగా ఉండాలి.

స్క్రీన్ మీద కనిపించిందే ప్రింటవుతుందా? అవ్వదు. స్క్రీన్ తన వెలుతురుతో వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురుని తిప్పికొడుతుంది, అంతే. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి ఓకే చేసిన పేజీలన్నీ మబ్బు పట్టినట్టు వచ్చాయి. అమ్మ ఎర్ర పట్టుచీర మడతలు కనిపించకుండా ఒకే ఎర్రటి ముద్ద అయింది. కరిజ్మా షీట్లలో చాలావరకు అసలైన ఫోటో పేపరు, అంటే వెలుతురు పడి రసాయనాల్లో కడిగేది. పల్చటి పేజీల ఫోటోబుక్కులు ఎక్కువగా డిజిటల్ ప్రెస్ మీద ఇంకుతో వచ్చేవి. ఒకే ఫోటో రెండింటిలో రెండు రకాలుగా ఉంటుంది. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి. శాంపిల్ పుస్తకం ఉంటే చేత్తో పట్టుకుని చూడండి.

ఇక ఆఫర్. తప్పకుండా ఆగండి, నాకూ బాగానే తగ్గింది. కాకపోతే ప్రకటనలో రేటు కనీస పేజీలకి. నేను 24 పేజీల రేటు చూసి మొదలుపెట్టి 40 దగ్గర ఆగాను. అదనపు పేజీలకి కూపన్ పనిచేయలేదు. పైన జీఎస్‌టీ, డెలివరీ. ల్యాబ్‌లో రేటు షీటుకింత అని ముందే చెబుతారు, ప్యాడ్, బాక్సు విడిగా. మొత్తం కలిపి చూసుకుంటే నాకు తేడా పెద్దగా లేదు.

బాబాయ్, కోపం తెచ్చుకోకు. చెల్లి పెళ్లి ఆల్బమ్ నేనే చూసుకుంటాను. ఫోటోలు మాత్రం గ్రూపులో పడేయకుండా డాక్యుమెంట్‌గా పంపు, పేర్లన్నీ పిన్నితో ఒకసారి చదివించి రాసి పంపు. ముందు నాలుగు పేజీలు చేసి చూపిస్తాను, తలలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టాక ఆర్డర్ ఇద్దాం.