పసుపు రాస్తే తగ్గిపోయే రిస్కు

బ్యాంకుల భద్రతను రిజర్వు బ్యాంకు చూసుకుంటోందని జనం గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు. పాపం, వాళ్లకు తెలియదు. ఏటా ఏప్రిల్ ఆఖర్లో ఎంబీయే మొదటి ఏడాది పరీక్షలు గట్టెక్కి, ఇస్త్రీ మడత నలగని బట్టలతో రిస్క్ డిపార్ట్‌మెంట్‌లో అడుగుపెట్టే సమ్మర్ ఇంటర్న్ చేతిలో ఉంది ఆ భారమంతా. గడువు ఎనిమిది వారాలు. ఆవకాయ ఊరడానికి ఎక్కువ, బాకీ మొండిబాకీగా తేలడానికి తక్కువ.

ఆ ఎనిమిదిలో మొదటి రెండూ లెక్కలోకి రావు. ఒక వారం లాప్‌టాప్ ఉండదు, ఇంకో వారం లాప్‌టాప్ ఉంటుంది గానీ లాగిన్ ఉండదు. ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని సమాచార భద్రత మీద, మనీ లాండరింగ్ మీద వీడియోలు చూపించి, చివర పది ప్రశ్నల పరీక్ష పెడతారు. తప్పితే మళ్లీ రాయొచ్చు, ప్రశ్నలు అవే. కొందరు దీన్ని కాలహరణం అంటారు. అన్యాయం. డేటా ఎవరి చేతికీ ఇవ్వకపోతే డేటా బయటకు పొక్కే ప్రసక్తే ఉండదు. ఆ డిపార్ట్‌మెంట్‌లో నూటికి నూరుపాళ్లు పనిచేసే కంట్రోల్ అదొక్కటే.

మూడో వారం ఫైలు వస్తుంది. బ్యాంకు ఖాతాలన్నీ నడిచే కోర్ బ్యాంకింగ్‌లోంచి దింపిన సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన సాదా జాబితా, లక్షా చిల్లర వరసలు. మన ఇంటర్న్ అమ్మాయి దాన్ని డబుల్ క్లిక్ చేస్తుంది. ఏ బోర్డు తీర్మానమూ అక్కర్లేకుండా ఖాతాల మహా విలీనం జరిగిపోతుంది. ఎక్సెల్‌కు 15 అంకెల వరకే జ్ఞాపకం. ఖాతా నంబరు 16 అంకెలైతే ఆఖరిదాన్ని సున్నా చేసేస్తుంది. మొదట గడిలో 1.23ఈ+15 అని వింతగా కనిపిస్తుంది. ఇదేమిటా అని నంబర్ ఫార్మాట్‌లోకి మారిస్తే పదహారు అంకెలూ బుద్ధిగా నిలబడతాయి, చివర సున్నాతో. 1తో ముగిసే ఖాతా, 7తో ముగిసేది, 9తో ముగిసేది, అందరూ ఒకే ఇంటివాళ్లు అయిపోతారు. డబుల్ క్లిక్ మానేసి, డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుంటూ ఆ కాలమ్ ‘టెక్స్ట్’ అని ముందే చెబితే ఈ గొడవే లేదు. ఆ ముక్క చెప్పాల్సిన సీనియర్ పిల్లల సెలవులకని అరకు వెళ్లి ఉంటాడు.

తేదీల సంగతి ఇంకా సొగసు. లాప్‌టాప్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటుంది. వాయిదా తేదీ 05/06 అని ఉంటే మనకు జూన్ 5, దానికి మే 6. జూన్ 30 నాటికి లెక్కిస్తే అసలు బకాయి 25 రోజులది, అంటే ఎస్ఎంఏ-0, మొండిబాకీ వైపు జారే ఖాతాలకు పెట్టిన మెట్లలో మొదటిది. లాప్‌టాప్ లెక్కలో 55 రోజులు, ఎస్ఎంఏ-1. వాయిదా కట్టాల్సిన మనిషి ఇంట్లో కదలకుండా కూర్చున్నా ఒక మెట్టు దిగిపోయాడు. 13వ తేదీ, ఆ పైన ఉన్నవి మాత్రం ఎక్సెల్‌కు కొరుకుడు పడక, అక్షరాలుగా మారి గడిలో ఎడమ గోడకు అంటుకుంటాయి. తప్పు జరిగిందని ఆ ఫైలు మొత్తంలో నోరు విప్పి చెప్పేవి ఆ ఎడమవైపు తేదీలే. అందంగా లేవని వాటిని సెంటర్ అలైన్ చేయిస్తారు.

ఒక జాబితాలోని వివరాన్ని వెతికి ఇంకో జాబితాలోకి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా వీలుకప్. దాంట్లో నాలుగో మాట రాయకుండా వదిలేస్తే, ‘కచ్చితంగా ఇదే కావాలి’ అని కాకుండా ‘దగ్గర్లో ఏదున్నా సర్దుకుంటాను’ అని అర్థం. వరసలో పేర్చని జాబితాలో ఆ సర్దుబాటు ఎంత దూరమైనా వెళుతుంది. కరీంనగర్ రైస్‌మిల్లు బకాయి కాకినాడ పళ్ల డాక్టరుకు చుట్టుకుంటుంది.

మన పిల్లలే ఇలా అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2012లో జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసు 600 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. విచారిస్తే, రిస్కు కొలిచే మోడల్ కొన్ని ఎక్సెల్ షీట్ల మధ్య చేత్తో కాపీ పేస్టు చేస్తే నడిచేదని, సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారని తేలింది. దాంతో రిస్కు ఉన్నదానికన్నా తక్కువ కనిపించింది. ఆ పని చేసినవాళ్లు ఇంటర్న్‌లు కారు, జీతగాళ్లు. మన అమ్మాయి అదే స్థాయి పని స్టైపెండ్‌కు చేసిపెడుతోంది.

నాలుగో వారం మోడల్. నూటికి ముగ్గురు ఎగ్గొట్టే లోన్ల జాబితా ఇచ్చి, ఎవరు ఎగ్గొడతారో ముందే చెప్పమంటారు. ‘ఎవరూ ఎగ్గొట్టరు’ అని ఒక్క వాక్యం రాసినా 97 శాతం కచ్చితత్వం వచ్చేస్తుంది. ఈ మోడల్‌ను బ్రాంచి మేనేజర్లు తరతరాలుగా వాడుతున్నారు. అమ్మాయి చదువుకున్నది గనక అక్కడ ఆగదు, ఎగ్గొట్టేవాళ్లను, కట్టేవాళ్లను మోడల్ ఎంత బాగా విడదీస్తోందో కొలిచే గినీ చూస్తుంది, కేఎస్ చూస్తుంది. చివరికి ఎవరూ కలలో కూడా చూడని గినీ వచ్చి, గైడుగారు పక్క క్యాబిన్ వాళ్లను పిలిచి మరీ చూపిస్తారు. అంత గొప్పగా ఎగ్గొట్టేవాళ్లను పట్టిస్తున్న కాలమ్ ఏదయ్యా అంటే, ‘రికవరీ ఏజెంట్ ఎన్నిసార్లు ఫోన్ చేశాడు’ అన్నది. పెళ్లయినవాళ్లను మంగళసూత్రం చూసి పసిగట్టినట్టు. లోను ఇచ్చే రోజున ఆ కాలమ్ ఖాళీగా ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టదు, తట్టినవాళ్లు టీకి వెళతారు.

అదే మోడల్ ఇంకో అద్భుతం కనిపెడుతుంది. పంటరుణాల్లో కొందరు ఏటా గడువులోగా అసలూ వడ్డీ ఒకే రోజున మొత్తం కట్టేస్తారు. ఇంత నిజాయితీ కార్పొరేట్ ఖాతాల్లో కూడా లేదని మోడల్ వాళ్లకు పట్టం కడుతుంది. నిజానికి జరిగేది పల్లెలో చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు. రైతు వడ్డీ వ్యాపారి దగ్గర రెండు రోజులకు చేబదులు తెచ్చి బ్యాంకులో కడతాడు. మర్నాడో ఎల్లుండో బ్యాంకు అదే సొమ్ము కొత్త లోనుగా ఇస్తుంది. రైతు దాన్ని అలాగే మడిచి వ్యాపారి చేతిలో పెట్టి, ఆ రెండు రోజుల వడ్డీ జేబులోంచి ఇస్తాడు. దీని పేరు రెన్యువల్, ముద్దుపేరు బుక్ అడ్జస్ట్‌మెంట్. డబ్బు ఎవరి పొలంలోనూ దిగలేదు, గడువులో కట్టినందుకు వచ్చే 3 శాతం రాయితీ మాత్రం చేజారలేదు. కర్నూలు జిల్లాలో తాత వ్యవసాయం చూసి పెరిగిన అమ్మాయి ఇది ఎత్తిచూపితే, గైడుగారు సౌమ్యంగా ‘ఇది మన స్కోపులో లేదమ్మా’ అంటారు. ఆ వడ్డీ వ్యాపారి డేటాబేస్‌లో ఏ కాలమ్‌లోనూ లేడు. లేనివాడి వల్ల రిస్కు ఎలా వస్తుంది?

ఇక రిపోర్టులో రిస్కు ఎంతో చెప్పే రంగులు. ఆకుపచ్చ, ఆంబర్ (అంటే పసుపు), ఎరుపు అంటారుగానీ, వాడుకలో ఉన్నది మధ్యదే. కారణం అంకగణితం. కోటి రూపాయల మామూలు లోను సక్రమంగా ఉన్నంతకాలం రేపటి నష్టం కోసం బ్యాంకు పక్కన పెట్టాల్సింది 0.40 శాతం, అంటే 40 వేలు. బకాయి తొంభై రోజులు దాటి మొండిబాకీ, అదే ఎన్‌పీఏ అయితే 15 శాతం, 15 లక్షలు. ఇంత తేడా తెచ్చే రంగును పిలిచి కూర్చోబెట్టుకునేవాళ్లు ఎవరుంటారు?

‘సార్, ఈ సెగ్మెంట్ ఎరుపు వస్తోందండి.’

‘డేటా ఒకసారి సరిచూసుకోమ్మా.’

‘చూశానండి. రెండుసార్లు.’

‘మూడోసారి చూడు. త్రెషోల్డ్ ఎంత పెట్టావు? కాస్త పైకి జరిపితే?’

ఎరుపు మొదలయ్యే ఆ గీత జరిపితే ఆంబర్. తెగినచోట పసుపు అద్దడం మన ఇళ్లల్లో ఉన్నదే. రక్తం కనిపించదు, చూసేవాళ్లకు వైద్యం జరుగుతోందని తృప్తి. ఎరుపు పెడితే ఎందుకొచ్చిందని అడుగుతారు, ఆకుపచ్చ పెడితే రేపు ఏదైనా జరిగినప్పుడు అడుగుతారు. పసుపు పెడితే ‘గమనిస్తున్నాం’ అని రాసుకోవచ్చు. గమనించడానికి ఆఖరు తేదీ ఉండదు.

చివరి వారం ప్రజెంటేషన్. మొదటి స్లైడు తప్పకుండా 1974లో జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకు మూతపడటంతో మొదలై బ్యాంకులకు అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు రాసే బాసెల్ కమిటీ మీదుగా సాగుతుంది. హైదరాబాద్ కేంద్రంగా 1994లో పుట్టి 2004 జూలైలో మారటోరియంలోకి, అంటే చెల్లింపుల మీద ఆంక్షల్లోకి వెళ్లిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ఆ స్లైడులో ఉండదు. దూరపు శవానికి వాసన ఉండదు. పద్నాలుగు స్లైడుల్లో తొమ్మిది అపెండిక్స్‌లోకి పోతాయి, పంటరుణాల స్లైడు మొదట పోతుంది. జనరల్ మేనేజర్‌గారు ఐదు నిమిషాలు చూసి, ఫాంట్ బాగుందని మెచ్చుకుని, ‘ఇక్కడ ఏం నేర్చుకున్నావమ్మా?’ అని అడుగుతారు. ‘చాలా నేర్చుకున్నానండి’ అన్నదే సరైన జవాబు. దానికే ఉద్యోగం ఆఫర్ వస్తుంది.

అమ్మాయి కాలేజీకి వెళ్లిపోతుంది. ‘ఫైనల్_వి7_ఇదే వాడండి’ అన్న ఫైలు మిగులుతుంది, అందులో లింకులన్నీ ఆమె డెస్క్‌టాప్ మీదికే. సెప్టెంబరు క్వార్టర్ ఆఖర్లో ఎవరో దాన్ని తెరుస్తారు. ఆమె లాగిన్ ఎప్పుడో తీసేశారు గనక గడి గడికీ లింకు తెగిందని #రెఫ్! అని అరుస్తుంది. రాత్రి తొమ్మిదైంది, రిపోర్టు పొద్దున్నే వెళ్లాలి. అప్పుడు అరకు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన మన సీనియర్ కుర్చీ జరుపుకుని, ప్రతి ఫార్ములాకూ బయట ఒక ఇఫ్ఎర్రర్ తొడిగి, తప్పొస్తే సున్నా వెయ్యమని చెప్పి, కిందిదాకా లాగుతాడు. షీటు మొత్తం ఆకుపచ్చగా మారుతుంది.