సంతృప్తి ఫారం గారికి

మహారాజశ్రీ సంతృప్తి ఫారం గారికి, విజయవాడ సింగ్‌నగర్ నుంచి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అంతా క్షేమం. క్షేమమేనని తమరే రాయించారుగా.

తమ అయిదు గడులూ పట్టుకుని వాంబే కాలనీ మెట్లెక్కీ దిగీ నా చెప్పులు అరిగాయి. కుట్టు శిక్షణ ఆఖరి రోజున ఒకావిడకి తమర్ని చదివి వినిపిస్తున్నాను. ‘‘చాలా సంతృప్తి, సంతృప్తి, పర్లేదు...’’ అంటుండగానే ఆవిడ గొంతు తగ్గించి, ‘‘ఏ గడిలో టిక్కు పెడితే మిషనిస్తారమ్మా?’’ అంది. మొదటి గడి చూపించాను. తప్పంటారా? అవతల సమోసాలు చల్లారిపోతున్నాయి, బ్యానరు ముందు ఫొటో కోసం సార్లు నిలబడిపోయి ఉన్నారు.

బ్యాచీలో చేరింది 40 మంది. ఆఖరి రోజుకి మిగిలింది 22. ఆ 22 మందీ మొదటి గడే. రిపోర్టులో నూటికి నూరు! మానేసిన 18 మంది ఇళ్లకి తమరు దయచేయరు, నామోషీ కాబోలు. కుర్రాళ్ల బ్యాచీదీ అదే వరస. సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకోమని చేరిస్తే, మూడోవారానికల్లా ఒకడు ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. వాడు బాగుపడ్డాడో చెడ్డాడో గానీ, తమ లెక్కలో వాడసలు పుట్టనే లేదు.

కోపం తెచ్చుకోనంటే ఒక పాత సంగతి. కుర్రాళ్లు నేరాల దారి పట్టకుండా చూద్దామని అమెరికాలో, మసాచుసెట్స్‌లో 1939లో మొదలైంది. 506 మంది మగపిల్లల్లో సగం మందికి మంచీచెడ్డా చూసే మనుషుల్ని పెట్టారు, ట్యూషన్లు చెప్పించారు, వేసవి క్యాంపులకి పంపారు. మిగతా సగాన్ని వాళ్ల మానాన వదిలేశారు. ముప్పయ్యేళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందర్నీ వెతికించింది. సాయం అందుకున్నవాళ్లలో జవాబిచ్చిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ‘మేలు జరిగింది’ అన్నారు. తీరా రికార్డులు తిరగేస్తే, మళ్లీ నేరం చెయ్యడంలో, తాగుడులో, చిన్న వయసులోనే పోవడంలో వాళ్లదే పైచెయ్యి! వదిలేసిన సగం పక్కన ఉండబట్టి బయటపడింది. తమరే వెళ్లుంటే టిక్కు పెట్టించుకుని, సమోసా తిని వచ్చేసేవారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే మా సెంటర్లో మిషన్లన్నీ తుప్పు పట్టాయి. తమరు మాత్రం ముందే కంప్యూటరెక్కి పొడిగా ఉన్నారు.

అన్నట్టు, తమ అడుగున ‘ఇతర సూచనలు’ అని ఒక గీత ఉంది. ఆ మిషనడిగినావిడే చెప్పింది: ‘‘మా తోడికోడలు మానేసిందమ్మా. పదింటికి పాచిపనికి పోవాలిగా. సాయంత్రం పెట్టుంటే వచ్చేది.’’ గీత చాలక పక్కనున్న ఖాళీలో కూడా రాశాను. ఎంట్రీ కొట్టే కుర్రాణ్ణి అడిగితే, కంప్యూటర్లో ఆ గడి లేదండీ అన్నాడు.

ఇట్లు,
ఫారానికి పది రూపాయల చొప్పున,
తమ విధేయురాలు