వారం వంట ఒకేసారి మా ఇంట్లో కుదరదు
ఆదివారమే వారం మొత్తానికి వండి ఫ్రిజ్‌లో పెట్టుకోమని ఒకరు వంట సలహాల్లో రాశారు, అది మాత్రం నాకు ఎక్కలేదండీ. నాలుగో రోజు ఆ కూర వేడిచేసి పెడితే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు, చివరికి బయట ఆర్డరే గతి. దానికన్నా రాత్రి పెసలు నానేస్తే పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి అట్లు పోసెయ్యొచ్చు, దోసెల పిండిలా పులియాల్సిన పనే లేదు. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే కుక్కర్‌లో ఒక గిన్నెలో బియ్యం, ఇంకో గిన్నెలో కందిపప్పు, పాలకూర, టమాటా పెట్టేస్తే స్నానం చేసొచ్చేలోపు రెండూ ఉడికిపోతాయి, చింతపండు మాత్రం ముందే వెయ్యకండి పప్పు పలుకు పలుకుగా ఉండిపోతుంది, తర్వాత పులుసు పోసి కాస్త మరిగించి ఇంగువ తాలింపు పెట్టుకోవడమే, నూనె ఒక చెంచా చాలు. ముందే చేసి పెట్టుకోవాలంటే కందిపొడి, కరివేపాకు పొడి చేసుకోండి, అవైతే నెల పైనే ఉంటాయి.