అఠరనళా: కాపాడవలసింది రాళ్లను మాత్రమే కాదు

పూరీ జగన్నాథుని దర్శనానికి ఉత్తరం నుంచి వచ్చే యాత్రికులు శతాబ్దాలుగా దాటుతున్న అఠరనళా వంతెన పరిరక్షణపై మాట వచ్చినప్పుడల్లా చర్చ రాళ్ల చుట్టూనే తిరుగుతోంది. మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం వద్దనున్న కళింగనగరం నుంచి ఎదిగిన తూర్పు గాంగుల ఏలుబడిలో, 13వ శతాబ్దంలో కట్టినట్లు చెప్పే ఈ వంతెన పేరులోనే దాని ధర్మం ఉంది. ఒడియాలో అఠర అంటే పద్దెనిమిది, నళా అంటే నీరు పారే కాలువ. పేరు పెట్టినవారు లెక్కించినది స్తంభాలను కాదు, నీటి దారులను.

ఆ లెక్కకు బలమైన కారణం ఉంది. ఇక్కడి ఖానాలు, అంటే స్తంభాల నడుమ నీరు పారే సందులు, నిజమైన కమానులు కావు. ఇరువైపులా ఒక్కో వరుస రాయిని కింది వరుసకంటే కొంత ముందుకు జరుపుతూ, పైన రెండు పక్కలూ కలిసేదాకా పేర్చుకుంటూ వెళ్లిన కట్టడమిది. ఈ పద్ధతిలో ఖానా వెడల్పు పెంచడం కష్టం. అందుకే ఖానాలు ఇరుకు, వాటి నడుమ స్తంభాలు లావు, ఏటి వెడల్పులో పెద్ద భాగం రాతిదే. అంటే వరదను మోయడానికి పద్దెనిమిదీ తెరిచి ఉండాలి. కొన్ని పూడిపోతే, మిగిలిన వాటిలోంచి నీరు వేగంగా దూసుకుపోయి పునాదుల కింది మట్టిని కోస్తుంది. వంతెనకు అసలు ముప్పు పైనుంచి కాదు, కిందినుంచే.

ఏడు శతాబ్దాలు నిలిచిన కట్టడానికి ఈ ఆందోళన అనవసరమని, లక్షల యాత్రికులు వచ్చే పట్టణానికి రోడ్లూ పార్కింగూ ముఖ్యమని కొందరంటారు. యాత్రికుల అవసరం నిజమే. కానీ వంతెన అన్నేళ్లు నిలిచింది ఏరు పారినందువల్లే.

మన వారసత్వ చట్టపు లోపం ఇక్కడే బయటపడుతుంది. 2010 సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లను నిషేధిత ప్రాంతంగా, ఆపైన మరో 200 మీటర్లను నియంత్రిత ప్రాంతంగా నిర్దేశించింది. గుడికో కోటకో ఆ గీత సరిపోవచ్చు. మైళ్ల దూరం నుంచి వచ్చే నీటిమీద బతికే వంతెనకు, పాత చెరువు కట్టకు, మెట్ల బావికి అది ఏమాత్రం చాలదు. ఎగువన కాలువ పూడ్చినవాడు ఆ గీత దాటనే అక్కరలేదు. నీటి కట్టడాలకు పరీవాహకం ఆధారంగా వేరే రక్షణ పరిధి గీయాలి. ఆ పని అఠరనళాతో మొదలుపెట్టి, ముందుగా ఏటి పాత గట్లను సర్వే చేసి హద్దురాళ్లు నాటాలి. ఏటా వర్షాకాలానికి ముందే పద్దెనిమిది ఖానాల్లోనూ పూడిక తీయించాలి.